రీఫ్ ట్యాంక్‌లో నల్ల ఇసుక: ఏ రకం, ఎవరికి సరిపోతుంది

రీఫ్ ట్యాంక్ అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం. దాని అడుగున నల్ల ఇసుక వేద్దామనుకుంటున్నాను అనగానే ఎవరో ఒకరు "వద్దు, పీహెచ్ పడిపోతుంది" అంటారు. ఆ మాటలో భయపడాల్సినంత విషయం లేదు. నల్ల ఇసుకతో వచ్చే అసలు చిక్కులు వేరు. కొన్ని రకాల్లో రేణువులు అయస్కాంతానికి అంటుకుంటాయి. కొన్నిటి అంచులు గాజుపెంకుల్లా కోస్తాయి. ఏ రకమైనా కొన్నాళ్లకు మీద తెల్ల నలుసులు చేరి మొదటి రోజు అందం పోతుంది. పైగా "నల్ల ఇసుక" అని సంచి మీద రాసినంత మాత్రాన లోపల ఉన్నది ఒకే సరుకు అనుకోకూడదు. అందుకే నలుపా తెలుపా అని తేల్చుకునే ముందు, ఏ నలుపు అన్నది చూడాలి.

సంచిలో ఉన్నది ఏమిటి

మొదటిది, అగ్నిపర్వత ప్రాంతాల బసాల్ట్ ఇసుక. లావా సముద్రంలో కలిసి ఒక్కసారిగా చల్లారి ముక్కలైతే పుట్టేది ఇదే. హవాయి పెద్ద దీవిలోని పునాలూ బీచ్ నల్లగా ఉండటానికి కారణం కూడా అదే. (అక్కడికి వెళ్లినవాళ్లు గుర్తుగా ఓ సీసాడు తెచ్చుకుందామనుకుంటారేమో, హవాయి బీచ్‌ల నుంచి ఇసుక తీసుకెళ్లడం చట్టరీత్యా నిషేధం.) బసాల్ట్ సాంద్రత ఇంచుమించు అరగొనైట్‌తో (మామూలు తెల్ల ఇసుక అదే) సమానం, రెండూ నీటికి మూడు రెట్లకు కాస్త అటూ ఇటూ. కాబట్టి ఒకే సైజు రేణువులైతే వేవ్‌మేకర్ (ట్యాంక్‌లో నీటిని తిప్పే పంపు) ధాటికి రెండూ ఒకేలా కదులుతాయి. అలల్లో బాగా నలిగిన బసాల్ట్ రేణువు గుండ్రంగా, నున్నగా ఉంటుంది. రీఫ్ ట్యాంక్‌కు నేను ఒప్పుకునే నలుపు ఇదే.

రెండోది, అగ్నిపర్వతపు నల్ల రేణువుల్ని అరగొనైట్‌తో కలిపి అమ్మే మిశ్రమం. చూడటానికి నలుపు కాదు, ముదురు బూడిద రంగు. పూర్తి నలుపు కోరుకునేవాళ్లకు నిరాశే. ఆ రంగు నచ్చితే మాత్రం వీటన్నిటిలో గొడవ తక్కువది ఇది. ఎలాగూ తర్వాత చేరబోయే తెల్ల నలుసులు ఇందులో కలిసిపోతాయి.

మూడోది, మాగ్నటైట్ లాంటి ఇనుప ఖనిజాలు ఎక్కువగా ఉన్న ఇసుక. మెరుస్తూ, కాటుక నలుపుతో ఉంటుంది, అందరి కన్నూ దీని మీదే పడుతుంది. మాగ్నటైట్ సాంద్రత 5 పైన ఉంటుంది కాబట్టి ఎంత వడిగా నీరు తిరిగినా అడుగున కదలకుండా కూర్చుంటుంది. దాని సంగతి కింద విడిగా చెబుతాను.

నాలుగోది, బొగ్గు స్లాగ్. థర్మల్ ప్లాంట్ బాయిలర్‌లో కరిగిన బూడిదను నీళ్లతో హఠాత్తుగా చల్లార్చితే వచ్చే గాజులాంటి పదార్థం ఇది. ఇనుము మీది తుప్పు, పాత పెయింట్ గీకడానికి బ్లాస్టింగ్ గ్రిట్‌గా వాడతారు. చవకగా దొరుకుతుందని మంచినీటి ట్యాంక్‌ల వాళ్లు వేస్తుంటారు, మొక్కల మధ్య బాగానే కనిపిస్తుంది. కానీ గీకడం కోసమే తయారైన రేణువు మీద మెత్తటి కండ ఉన్న పగడాన్ని కూర్చోబెట్టాలనుకోవడం నాకు అర్థం కాదు. పైగా అందులో ఏ లోహం ఎంత ఉందో బొగ్గును బట్టి మారుతుంది, చేపలు తట్టుకున్న మోతాదును వెన్నెముక లేని జీవులు తట్టుకోలేకపోవచ్చు. రీఫ్‌లో దీన్ని వేయొద్దు.

రంగు పూత పూసిన క్వార్ట్జ్ కూడా అమ్ముతారు. దాని గురించి పెద్దగా చెప్పేదేం లేదు, పూత ఊడుతుంది.

కొనేముందు నాలుగు పరీక్షలు

పెద్ద సంచి కొనేముందు గుప్పెడు నమూనా దొరికితే చాలు, ఇంట్లోనే తేలిపోతుంది.

బలమైన అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి పొడి ఇసుకలో తిప్పండి. ఒకటో రెండో రేణువులు అంటుకుంటే పట్టించుకోనక్కర్లేదు. గడ్డంలా వేలాడితే ఆ సంచి వదిలేయండి. తర్వాత తడి ఇసుకను తెల్ల గుడ్డ మీద గట్టిగా రుద్దండి, నల్లటి మరక పడి, ఉతికినా పోకపోతే అది రంగు. వెనిగర్ చుక్కలు వేసి చూడండి. బుడగలు వస్తే అందులో అరగొనైటో మరో కార్బొనేటో ఉన్నట్టు. రాకపోతే రసాయనికంగా ఉలుకూ పలుకూ లేని రకం, అది తప్పేమీ కాదు. చివరగా, ఒక సీసాలో కొత్తగా కలిపిన ఉప్పునీళ్లు పోసి అందులో ఇసుకను వారం నానబెట్టి, ఫాస్ఫేట్, సిలికేట్, కాపర్ టెస్టులు చేయండి. పక్కన ఇసుక లేని సీసా కూడా పెట్టుకుంటేనే తేడా ఇసుక వల్ల వచ్చిందా, ఉప్పు వల్లా అన్నది తెలుస్తుంది. నీటిలోని మూలకాలను కొలిచే ఐసీపీ ల్యాబ్ పరీక్షకు పంపే వీలుంటే మరీ మంచిది.

అయస్కాంతం గోల

మాగ్నటైట్ అనగానే "ఇనుము నీళ్లలోకి దిగి నాచు పెరుగుతుందేమో" అని టెన్షన్ పడతారు. 8 పైన పీహెచ్ ఉన్న నీళ్లలో ఆ ఖనిజం దాదాపు కరగదు, ఆ భయం అనవసరం. చిక్కంతా యాంత్రికమైనది. రీఫ్ ట్యాంక్‌లో అయస్కాంతం లేని పరికరం ఏముంది చెప్పండి? అద్దం తుడిచే మాగ్నెట్ క్లీనర్, గోడకు అతుక్కునే వేవ్‌మేకర్, రిటర్న్ పంపు లోపలి రోటర్, పగడపు తునకలు పెట్టే ఫ్రాగ్ ర్యాక్ హోల్డర్లు, అన్నీ అయస్కాంతాలే.

మాగ్నెట్ క్లీనర్‌ను ఇసుకకు నాలుగు వేళ్ల దూరానికి తెస్తే చాలు, రేణువులు లేచి ప్యాడ్‌కు పట్టుకుంటాయి. అది చూసుకోకుండా ఒక్కసారి పైకి లాగితే అద్దం మీద నిలువునా గీత పడుతుంది. అక్రిలిక్ ట్యాంక్ అయితే ఆ గీత మరీ లోతుగా దిగుతుంది. మామూలు తెల్ల ఇసుకతోనూ ఈ ప్రమాదం ఉంది గానీ, తెల్ల ఇసుక తనంతట తాను క్లీనర్ దగ్గరికి రాదు. వేవ్‌మేకర్ రోటర్‌లోకి ఈ రేణువులు చేరితే ముందు చిన్నగా గరగరమంటుంది, తర్వాత షాఫ్ట్ అరిగి ఆగిపోతుంది. గుంతలు తవ్వే గోబీ చేప ఒకటి ఉంటే చాలు, ఇసుకను పంపు దాకా చేర్చే పని అదే చూసుకుంటుంది.

అందుకే ఈ రకాన్ని ఎంత అందంగా ఉన్నా నేను సిఫారసు చేయను. ఇప్పటికే వేసేసి ఉంటే, ఇసుక మీద నాలుగు వేళ్ల ఎత్తు వరకూ మాగ్నెట్ క్లీనర్ పోనివ్వకుండా, ఆ భాగాన్ని పాత ప్లాస్టిక్ కార్డుతో చేత్తో గీకడం అలవాటు చేసుకోండి.

పీహెచ్ గురించి ఎందుకు భయం అక్కర్లేదు

అరగొనైట్ అంటే కాల్షియం కార్బొనేట్. అది కరిగితే కాల్షియం, ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా ఆపే గుణం) నీళ్లలోకి వస్తాయి, నిజమే. కానీ రీఫ్ ట్యాంక్ పీహెచ్ 8.0 నుంచి 8.3 మధ్య ఉంటుంది, ఆ స్థితిలో నీటిలో అరగొనైట్ అప్పటికే అతిసంతృప్తంగా ఉంటుంది. కరగాల్సిన అవసరమే దానికి రాదు. కాల్షియం రియాక్టర్‌లో అదే పదార్థాన్ని కరిగించడానికి కార్బన్ డయాక్సైడ్ పంపి పీహెచ్‌ను 6.5 దరిదాపులకు దించాల్సి వస్తోందంటే, ట్యాంక్ అడుగున ఊరికే పడి ఉన్న ఇసుక ఎంత కరుగుతుందో ఊహించుకోవచ్చు. లోతైన శాండ్ బెడ్ (మందంగా పరిచిన ఇసుక) అడుగు పొరల్లో, ఆక్సిజన్ లేక పీహెచ్ తగ్గినచోట, కొంత కరుగుతుంది. అయితే గట్టి పగడాలతో నిండిన ట్యాంక్ ఆల్కలినిటీని రోజుకు ఒకటి రెండు డీకేహెచ్ (దాని కొలమానం) ఖర్చు చేస్తుంది. ఆ ఖర్చుకు ఇసుక నుంచి వచ్చేది ఏ మూలకూ చాలదు. కింద ఏ ఇసుక ఉన్నా డోసింగో (రసాయనాలు కొలిచి పోయడం), కల్కో (సున్నపు నీళ్లు), రియాక్టరో తప్పదు. రాత్రిపూట పీహెచ్ దిగడానికి గదిలో, నీటిలో పెరిగే కార్బన్ డయాక్సైడ్ కారణం. దాన్ని ఏ రంగు ఇసుకా ఆపదు.

సిలికా మాట కూడా ఇలాంటిదే. బసాల్ట్‌లో బరువులో సగం దాకా సిలికానే, కానీ అది ఖనిజంలో బిగుసుకుని ఉంటుంది. కొత్త ట్యాంక్‌లో గోధుమ రంగు డయాటమ్స్ (సిలికా వాడుకునే సూక్ష్మ నాచు) తెల్ల ఇసుక మీదా వస్తాయి, నల్ల ఇసుక మీదా వస్తాయి. అవి ఆగకుండా వస్తుంటే ముందు చూడాల్సింది నీటిని శుద్ధి చేసే ఆర్‌ఓ ఫిల్టర్ తర్వాతి డీఐ రెసిన్ (మిగిలిన లవణాల్ని పట్టే గుళికలు) అయిపోయిందేమోనని.

అరగొనైట్‌కు ఒక తేడా మాత్రం నిజంగా ఉంది. అది ఫాస్ఫేట్‌ను పట్టి ఉంచుతుంది. నీళ్లలో ఎక్కువైనప్పుడు పీల్చుకుని, మీరు తగ్గించబోయినప్పుడు మెల్లగా వదులుతుంది. పాత ట్యాంక్‌లో ఫాస్ఫేట్ ఎంతకీ దిగట్లేదని తల పట్టుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. బసాల్ట్‌లో ఆ నిల్వ తక్కువ కాబట్టి టెస్ట్ కిట్ చూపే అంకెకూ అసలు పరిస్థితికీ తేడా తక్కువ ఉంటుంది.

వెలుతురు, రంగులు

తెల్ల ఇసుక మీద పడిన వెలుతురులో కొంత భాగం తిరిగి పైకి లేస్తుంది. అడుగుకు దగ్గరగా ఉన్న కొమ్మల పగడాల కింది వైపుకు అందేది ఎక్కువగా ఆ వెలుతురే. నల్ల ఇసుక దాన్ని మింగేస్తుంది. ట్యాంక్ మధ్యలో, పైన ఉన్న పగడాలకు ఇదేం పెద్ద తేడా కాదు. కింది మూడో వంతులో అక్రోపొరా అనే కొమ్మల పగడాన్ని పెట్టాలనుకుంటే మాత్రం కింది కొమ్మలు పాలిపోవడం, మొదలు దగ్గర కండ తగ్గిపోవడం చూస్తారు. లైట్ పవర్ పెంచితే ముందు కాలేది పై కొమ్మలు, కాబట్టి లైట్లను పక్కలకు జరిపి కోణాలు మార్చడం మేలు.

అదే వెలుతురును నల్ల ఇసుక మింగడం వల్ల లాభం కూడా ఉంది. నీలం లైట్ల కింద తెల్ల ఇసుక మొత్తం నీలంగా వెలిగి, కంటిని కిందికి లాగేస్తుంది. నల్ల ఇసుక మీద జోయాంథిడ్స్, అకాన్‌లు, యూఫీలియాల లాంటి పగడాల పచ్చ, నారింజ మెరుపు ఒక్కటే కనిపిస్తుంది. పసుపు టాంగ్, రాయల్ గ్రామా, మామూలు క్లౌన్ చేపలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. చేపలు తమ చుట్టూ ఉన్నదాన్ని బట్టి ఒంటి రంగును కొంత మార్చుకుంటాయి, ముదురు నేల మీద చాలావాటి రంగు చిక్కబడుతుంది. నల్ల ఓసెల్లారిస్ (క్లౌన్ చేపల్లో నల్ల రకం) జంట కోసమే ట్యాంక్ కడుతున్నవాళ్లు ఇంకోసారి ఆలోచించుకోండి. నల్ల ఇసుక, నల్ల బ్యాక్‌గ్రౌండ్, నల్ల చేప: చివరికి తెల్ల చారలు ఈదుతూ కనిపిస్తాయి.

ఫోటోల పిచ్చి ఉన్నవాళ్లకో మాట: నల్ల నేల చూసి ఫోన్ కెమెరా ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది, పగడాల రంగు కాలిపోయినట్టు వస్తుంది. ఎక్స్‌పోజర్‌ను చేత్తో తగ్గించి తీయండి.

మురికి ఎక్కడ కనిపిస్తుంది

"నల్ల ఇసుక మురికిని దాస్తుంది" అన్నది సగం మాటే. డయాటమ్స్ గోధుమ పొర, సయనో (సయనోబాక్టీరియా) ఎర్ర చాప, ముదురు నాచు నల్ల ఇసుక మీద అంతగా కనబడవు. చేపల రెట్ట, మిగిలిన పెల్లెట్లు, లేత రంగు మడ్డి మాత్రం నల్ల బట్ట మీద సుద్దపొడి రాలినట్టు కనబడతాయి. తెల్ల ఇసుకలో ఇది సరిగ్గా తిరగబడుతుంది.

మీకు ఏది కనబడటం మంచిది? నా ఉద్దేశంలో మిగిలిన మేత కనబడటమే మేలు, ఎక్కువ వేస్తున్నానన్న సంగతి వెంటనే తెలుస్తుంది, సైఫన్‌తో లాగేయొచ్చు. కానీ సయనో ముదిరేదాకా కనబడకపోవడం నల్ల ఇసుకకు నిజమైన లోపం. వారానికోసారి నీలం లైట్లు ఆపి, తెల్ల లైటు ఒక్కటే వేసి, అడుగును పక్క నుంచి చూడటం అలవాటు చేసుకుంటే అది దొరికిపోతుంది. సయనో మొదట్లో ఇసుక మీద సన్నని బుడగలు పట్టి ఉంచుతుంది, రంగు కనబడకపోయినా ఆ బుడగలు మెరుస్తాయి.

ఇక అసలు తలనొప్పి తెల్ల నలుసులు. లైవ్ రాక్ (సూక్ష్మజీవులు నిండిన సున్నపు రాయి) నుంచి రాలే పొడి, చనిపోయిన నత్తల గుల్లలు, గొట్టపు పురుగుల సున్నపు గొట్టాలు, విరిగిన పగడపు ముక్కలు, కోరలైన్ (సున్నపు పెచ్చులా గట్టిపడే ఊదా రంగు) నాచు పెచ్చులు, ఇవన్నీ తెల్లనివే, అన్నీ కిందికే వస్తాయి. అద్దం గీకినప్పుడల్లా ఇంకొంచెం. పెద్ద ముక్కలు ఇసుక కదిలినప్పుడు పైకి తేలతాయి గానీ కిందికి పోవు, అందుకని తెల్లదనం పైపొరలోనే పేరుకుంటుంది. నల్ల రేణువుల మీద కూడా సన్నగా సున్నం పట్టి, ఊదా రంగు కోరలైన్ పెరిగి, నలుపు మెల్లగా బూడిద రంగుకు తిరుగుతుంది. దీన్ని ఆపే ఉపాయం లేదు. పైపొరను అప్పుడప్పుడు సైఫన్‌తో తీసి కొత్తది చల్లుకోవడమే. అందుకని కొనేటప్పుడే అదే సరుకు ఇంకో చిన్న సంచి ఎక్కువ తెచ్చి దాచుకోండి, తర్వాత కొన్న సంచి నలుపు మొదటిదానితో కలవకపోవచ్చు.

ఇసుకలో ఎవరు ఉండబోతున్నారు

రంగు కన్నా ముందు తేల్చాల్సింది ఇది. హలికోరెస్, లెపర్డ్ రాస్ లాంటి చేపలు రాత్రి ఇసుకలో దూరి పడుకుంటాయి. వాటికి కనీసం 5 సెంటీమీటర్ల మందం, సన్నని గుండ్రటి రేణువులు కావాలి. పదునైన ఇసుకలో రోజూ దూరే చేపకు ఒంటి మీది జిగురు పొర చెదిరి ఇన్ఫెక్షన్లు వస్తాయి. ఫెయిరీ రాస్‌లకు ఈ బాధ లేదు, అవి రాళ్ల మధ్య జిగురు గూడు అల్లుకుని పడుకుంటాయి. డైమండ్ గోబీ నోటినిండా ఇసుక తీసుకుని మొప్పల గుండా వదులుతుంది, దానికి కూడా మెత్తటి రేణువే కావాలి. ఇలాంటి చేపలు మీ జాబితాలో ఉంటే సన్నని అరగొనైట్ వేయండి, నలుపు మీద మనసు చంపుకోండి. బాగా నలిగిన, 1 మిల్లీమీటర్ లోపు బసాల్ట్ చేతికి దొరికితే అప్పుడు వేరే మాట. వేళ్ల మధ్య నలిపితే గుచ్చుకోకూడదు.

ఓపెన్ బ్రెయిన్, ప్లేట్ కోరల్ లాంటి పగడాలు ఇసుక మీదే కూర్చుంటాయి. అవి ఉబ్బుతూ, ముడుచుకుంటూ, కొంచెం కొంచెం జరుగుతూ ఉంటాయి. అడుగున గాజులాంటి అంచులుంటే కండ చిరుగుతుంది. వీటికి వెలుతురు మరీ ఎక్కువ అక్కర్లేదు కాబట్టి నలుపు వల్ల నష్టం లేదు, రేణువు నున్నగా ఉంటే నల్ల ఇసుక మీద వీటంత అందంగా ఇంకేవీ కనిపించవు. నసేరియస్ నత్తలు, శంఖు నత్తలు దాదాపు ఏ ఇసుకలోనైనా బతికేస్తాయి, మరీ ముతక గులకల్లో మాత్రం దూరలేవు.

బొరియలో ఉండే జాఫిష్ కావాలంటే లెక్కే వేరు. దానికి 12 సెంటీమీటర్ల పైన లోతు, ఇసుకతో పాటు చిన్న రాళ్లు, గుల్లముక్కలు కలిపిన నేల కావాలి. బొరియ గోడలు నిలవాలిగా. అక్కడ మిశ్రమపు బూడిద రంగు ఇసుకే చక్కగా అతుకుతుంది.

ఎస్‌పీఎస్ (అక్రోపొరా లాంటి, చిన్న పాలిప్‌ల గట్టి) పగడాలే లోకం అనుకునేవాళ్లు, నాలుగు వైపుల నుంచీ వడిగా నీళ్లు తిప్పేవాళ్లు అసలు ఇసుకే వేయకండి. బేర్ బాటమ్‌లో (ఇసుక లేని వట్టి అడుగులో) మడ్డి ఒక మూలకు చేరుతుంది, లాగేయడం తేలిక. వట్టి అద్దం బాగుండదనిపిస్తే, నల్ల అడుగే కావాలనిపిస్తే, ట్యాంక్ కింద బయటి వైపు నల్ల షీట్ అంటించండి. కోరలైన్ పాకేదాకా అచ్చం నల్ల ఇసుక పరిచినట్టే ఉంటుంది.

సైజు, మందం, బరువు

పైన చెప్పిన ప్రత్యేక జీవులేవీ లేని మామూలు మిక్స్‌డ్ రీఫ్‌కు (రకరకాల పగడాలు కలిపిన ట్యాంక్‌కు) 1 నుంచి 2 మిల్లీమీటర్ల రేణువు, 3 నుంచి 4 సెంటీమీటర్ల మందం చాలు. అంతకన్నా సన్నదైతే వేవ్‌మేకర్ ఎదుట గుంతలు పడి, అడుగు అద్దం బయటపడుతుంది. మరీ ముతకదైతే మడ్డి సందుల్లోకి దిగి కూర్చుంటుంది. లోతైన శాండ్ బెడ్‌తో నైట్రేట్ తగ్గించాలని ఉంటే 10 సెంటీమీటర్లు దాటాలి, దానికి సన్నని అరగొనైటే సరైనది, నల్ల ఇసుకతో ఆ ప్రయోగం చేయడంలో అర్థం లేదు. 5 నుంచి 10 మధ్య మందం మడ్డిని పోగేస్తుంది, ఆ లోతులో జరగాల్సిన పనేమో సరిగా జరగదు. రాస్‌ల కోసం తప్ప అక్కడ ఆగకండి.

120 సెంటీమీటర్ల పొడవు, 50 సెంటీమీటర్ల వెడల్పు ట్యాంక్‌లో 4 సెంటీమీటర్ల మందానికి 24 లీటర్ల ఇసుక పడుతుంది. లీటరుకు సుమారు కిలోన్నర చొప్పున బసాల్టైనా అరగొనైటైనా 36 కిలోలు. రాళ్లను ముందు అద్దం మీద నిలబెట్టి, ఆ తర్వాతే చుట్టూ ఇసుక పోయండి. ఇసుక మీద నిలబెట్టిన రాయి కింద గోబీ తవ్విందంటే రాయి ఒరుగుతుంది.

నలుపు, తెలుపు మీరే కలుపుదామనుకుంటే రెండిటి రేణువు సైజు ఒకటే ఉండాలి. లేకపోతే కొన్ని నెలల్లో సన్నది కిందికి, ముతకది పైకి విడిపోయి, మీరు పోసిన డబ్బులో సగం అడుగున దాగిపోతుంది.

నడుస్తున్న ట్యాంక్‌లో మార్చాలంటే

పాత తెల్ల ఇసుకను ఒక్కరోజులో తీసేయకండి. దాని అడుగున పేరుకున్న మడ్డి, హైడ్రోజన్ సల్ఫైడ్ ఒక్కసారిగా నీళ్లలో కలిస్తే చేపలు ఊపిరాడక పైకి తేలతాయి. నీళ్లు మార్చే రోజున సైఫన్ గొట్టంతోనే నాలుగో వంతు ఇసుకను లాగేయండి. ఆ వారమంతా అమ్మోనియా చూస్తూ ఉండండి, స్కిమ్మర్ (నురుగుతో మురికి తీసే పరికరం) కాస్త తడిగా, అంటే నురుగు పల్చగా ఎక్కువ వచ్చేలా నడపండి. అమ్మోనియా సున్నాలో ఉంటేనే వచ్చే వారం ఇంకో నాలుగో వంతు. మొత్తం తెలుపు పోయాక నల్లది వేయండి. మధ్యలో వేస్తే తర్వాతి సైఫన్‌లో కొత్తదీ పాతదీ కలిసి వస్తాయి.

పొడి నల్ల ఇసుకను నీళ్లు తేటపడేదాకా బకెట్‌లో కడగాలి. బసాల్ట్ పొడి నల్లటి మసిలా చాలాసేపు వస్తూనే ఉంటుంది, పదిసార్లు కడిగినా ఆశ్చర్యపోకండి. చివరి కడుగు ఆర్‌ఓ నీళ్లతో. వేసేటప్పుడు పంపులన్నీ ఆపి, వెడల్పాటి పీవీసీ పైపును అడుగు దాకా దించి దాని గుండా కొంచెం కొంచెంగా పోయండి. పగడాల మీద రేణువులు పడితే చిన్న పంపుతో మెల్లగా ఊదేయండి. పోసిన గంట తర్వాత ముందు రిటర్న్ పంపు, మర్నాడు వేవ్‌మేకర్లు తక్కువ స్పీడ్‌లో మొదలుపెట్టి, రెండు మూడు రోజుల్లో మామూలు స్పీడ్‌కు తెచ్చుకోండి.